పురుగుల ఇల్లు, ఓడ ప్రయాణం

దిబ్బూరహళ్ళిలో పుట్టి పెరిగినవారికి సముద్రమన్నది భూగోళ పుస్తకంలో నీలిరంగు పూసిన చోటు, అంతే. మా తాలూకా శిడ్లఘట్ట. 2007 దాకా కోలారు జిల్లా, ఆ పిమ్మట చిక్కబళ్ళాపురం జిల్లా. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, సంతలో రెండూ కలిపి. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేని సీమ ఇది. అయినా నంది కొండల పరిసరాల్లో పుట్టిన పెన్న, పాపఘ్ని, చిత్రావతి ఇక్కడ నిలవక ఆంధ్రదేశంలోకి దిగిపోతాయి. తక్కిన రెండూ కడప సీమలో పెన్నలో కలుస్తాయి, పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. మా పొలం మీద కురిసిన వాన ఎన్నివేలసార్లు చూసివచ్చిందో ఆ సముద్రాన్ని, నలభై దాటేదాకా మేమిద్దరం ఒక్కసారీ చూడలేదు.

ఇక్కడ 'మేము' అంటే దంపతులమని పాఠకులు గ్రహించే ఉంటారు. మాలో ఉద్యోగం చేసినవారు ఒకరు, దాన్ని భరించినవారు ఇద్దరు. మెట్రిక్ చదువుతో, టైపు పరీక్షతో 1999లో గుమాస్తా కొలువు దొరికింది. రెండోవారి కొలువు ఇంట్లోనే, పట్టుపురుగుల పెంపకం. ఎవరికి జీతం ఎక్కువ అన్న తగాదా మా ఇంట్లో ఎన్నడూ తెగలేదు. గూళ్ళ ధర బాగున్న నెలలో శిడ్లఘట్ట మార్కెట్టు నుంచి వచ్చినవారిదే పైచేయి, పడిపోయిన నెలలో కచేరీవారిది.

పురుగుల కొలువుకు సెలవు లేదు. గుడ్డు పగిలిన నాటినుంచి గూడు కట్టేదాకా ఇంచుమించు నాలుగు వారాలు రాత్రీ పగలూ ఒకటే. నాలుగో జ్వరం లేచిన పురుగు తినే తిండి చూడాలి. అది బతుకంతా తినే ఆకులో ముప్పాతికకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే ఆ ఆకు నమిలే చప్పుడు సన్నని వాన పడుతున్నట్టు ఉండేది. వాన కరువైన వూరికి ఆ చప్పుడైనా ఉందని నవ్వుకునేవాళ్ళం. పంట పంటకూ మధ్య ఆ గదిని కడగాలి. బ్లీచింగు పొడి, సున్నం, ఫార్మలిన్, ఆ ఘాటు కళ్ళలోకి, గొంతులోకి ఎక్కేది. ఇరవై ఏళ్ళ తరువాత దగ్గు పట్టుకుని వదలలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఛాతీ పరీక్ష చేసి, పురుగులు మానుకోండి, లేదా మందులు మానకండి, రెండింటిలో ఒకటి మీ ఇష్టం అన్నాడు.

రెండో వైపు కూడా ఒక లెక్క ఉంది. మాలో ఒకరి తండ్రిగారు పూర్తిగా యాభై ఎనిమిదేళ్ళ వయసుదాకా కొలువు చేసి దిగారు. అప్పటికి ఈ రాష్ట్రంలో విరమణ వయసు అదే, 2008లో దాన్ని అరవై చేశారు. కాశీకి పోవాలి, ఇంటి ముందు పంచ వేయించాలి అని ఆయన పదేళ్ళు చెబుతూ వచ్చారు. దిగిన అయిదో నెలలో, పింఛను కాగితాలు ఇంకా ఏ బల్ల మీదో ఉండగానే, వెళ్ళిపోయారు. పంచకని తెప్పించిన రాతి కంబాలు రెండు గోడకు ఆనించి అట్లాగే ఉండిపోయాయి.

కర్ణాటక సర్వీసు నిబంధనల్లో పదిహేనేళ్ళ సర్వీసు నిండినవారు మూడు నెలల నోటీసు ఇచ్చి తామంతట తాము విరమించవచ్చునని ఉంది. సర్వీసు తక్కువ గనుక పింఛనూ తక్కువే. 2006 ఏప్రిల్ 1 తరువాత చేరినవారికి ఈ లెక్క వర్తించదు, వారిది కొత్త పింఛను పద్ధతి, దాని గణితం వేరు. ముందుగానే దిగుదామనుకునే గుమాస్తా సోదరులు ఈ తేడా చూసుకోకుండా మా దారి పట్టవద్దని మనవి. మేము మాత్రం ఒక పాత డైరీలో నాలుగు నెలలపాటు ఇంటి ఖర్చు పైసలతో సహా రాసి చూసుకున్నాం. పింఛనుతో అన్నమూ మందులూ నడుస్తాయి. మల్బరీ తోట కౌలు ఇస్తే అబ్బాయి కాలేజీ ఫీజు నడుస్తుంది. మిగిలేది ఏమీ లేదు. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తెల్లారి దగ్గు వినబడింది. 2022 ఉగాది వెళ్ళాక నోటీసు గడువు ముగిసింది, కొలువు దిగింది. అదే నెల ఆఖరి పంట గూళ్ళు మార్కెట్టుకు పోయాయి.

గ్రాట్యుటీ సొమ్ములో నూటికి తొంభై పాళ్ళు పోస్టాఫీసులో వేసి, మిగిలిన పదిపాళ్ళు 'ఇంటికీ ఓడకూ' అని రాసుకున్నాం. ఆ మాట రాసినది మాలో ఎవరన్నది చెప్పం.

ముందు ఇల్లు. మాది మట్టిగోడలు, రాతిబండల మిద్దె, మా తాతల నాటిది. పురుగుల గది ఇంటిలో సగం. దాన్ని మనుషులుండే గదిగా మార్చాలి. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన గోడ తట్టి చూసి, పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేయాలి, లక్షా పదివేలు అవుతుందన్నాడు. పక్కింటి పెద్దాయన అరుగుమీదనుంచే, "మట్టిగోడకు ఆ రంగు పూస్తే లోపలి చెమ్మ యాడికి పోతాదప్పా? ఏడాదికే పొలుసులు లేస్తాది. సున్నం కొట్టుకోండి" అన్నాడు. ఆయన మాటే శాస్త్రమని తరువాత తెలిసింది. సున్నం పూత గాలి పీల్చుకునే పూత. గోడలోని తేమ దానిగుండా బయటికి పోతుంది, బిగువైన రంగు కింద అయితే చిక్కుకుని ఉబ్బుతుంది.

రాతిసున్నం తెచ్చి పాత నీళ్ళ తొట్టిలో ఉడికించాం. నీళ్ళు పోస్తుంటే కుతకుతలాడి పొగలు చిమ్ముతుంది. కళ్ళకు అద్దాలు లేకుండా, చేతికి గుడ్డ చుట్టకుండా ఎవరూ దాని దగ్గరికి పోరాదు, పిల్లల్ని అసలే రానివ్వరాదు. వారం నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, కాస్త జిగురూ చిటికెడు నీలిమందూ కలిపాం. ముఖ్యమైన సంగతి ఒకటే. గోడను ముందు నీళ్ళతో తడిపి పలచగా కొట్టాలి. చిక్కగా ఒకే పూత కొడితే ఎండి రాలిపోతుంది, పలచగా మూడు పూతలు కొడితే గాలి తగిలిన కొద్దీ రాయిలాగా గట్టిపడుతుంది. తడిమీద ఏమీ కనబడదు, ఏం కొట్టామో అని దిగులు పుడుతుంది. ఆరాక చూస్తే గది తెల్లగా వెలిగిపోతుంటుంది. మిద్దెమీద బండల సందులు మాత్రం మేము ముట్టలేదు. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపిన గచ్చు తెలిసిన ముసలి పనివాడు మా చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. అతనికి అడిగినంత ఇచ్చాం. ఇంటి పని మొత్తంలో డబ్బు పోసిన చోటు అదొక్కటే. వాన కారే ఇంట్లో ఎన్ని అలంకారాలు చేస్తే ఏమి?

ఇక అలంకారం. తండ్రిగారు తెప్పించిన రాతి కంబాలు రెండూ ఎట్టకేలకు పంచ కింద నిలబడ్డాయి. పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు ఆరు మిగిలాయి. వాటిని కడిగి ఎండబెట్టి, ఒకటి గోడకు తగిలించాం. సుడులు తిరిగిన ఆ వెదురు అల్లిక తెల్లగోడమీద ఎంత అందంగా ఉందంటే, బెంగళూరు నుంచి వచ్చిన బంధువులు దాన్ని ఏ దుకాణంలో కొన్నారని అడిగారు. మేము దానితో ఇరవై ఏళ్ళు కాపురం చేశామని చెప్పాం. మిగిలిన అయిదూ వారే తీసుకుపోయారు, బస్సులో పైన కట్టించుకుని. ఇంటి పని అంతా గచ్చుతో సహా ముప్పయి నాలుగు వేలలో తేలింది.

ఇక ఓడ. 2022 జూన్‌లో చెన్నై నుంచి విహార నౌక బయలుదేరుతుందనీ, ముఖ్యమంత్రి స్టాలిన్ జెండా ఊపారనీ పత్రికలో చదివాం. కార్డీలియా అనే కంపెనీ నౌక అది. అప్పటికి ముంబయి కేంద్రంగా తిరుగుతున్నది. నైరుతి వానల నెలల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది గనుక తూర్పు తీరానికి వచ్చింది. అదే నెలలో విశాఖపట్నానికీ పోయింది. విశాఖలో ఇటువంటి నౌకలకని ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమయింది. మేము ఎంచుకున్నది రెండు రాత్రుల ప్రయాణం. చెన్నైలో ఎక్కి, సముద్రంలో తిరిగి, చెన్నైలోనే దిగడం. వూళ్ళో ఈ మాట పొక్కింది. "ఎక్కిన చోటే దిగేదానికి అన్ని దుడ్లా!" అని పక్కింటి పెద్దాయన. ఆయన ప్రశ్నకు నేటికీ మా దగ్గర జవాబు లేదు. అయినా తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కినవారు ఎక్కడ దిగుతారు?

టిక్కెట్టు సంగతి కాస్త విప్పి చెబుతాం. గదికి కిటికీ ఉంటే ఒక ధర, బాల్కనీ ఉంటే ఇంకో ధర, కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. మేము లోపలి గదే తీసుకున్నాం. పగలంతా పైనే ఉండేవారికి, రాత్రి కళ్ళు మూసుకునేవారికి కిటికీ ఎందుకు? అన్నం, గది, ఆటపాటలు టిక్కెట్టులోనే. పన్నులూ రేవు సుంకాలూ మాత్రం చివరన కలుస్తాయి. కనుక మొదట కనబడే ధర చూసి మోసపోరాదు. పానీయాలు, ఇంటర్నెట్టు వేరు. మజ్జిగా నీళ్ళతో బతికేవారికి ఆ బాధ లేదు. ఇద్దరికీ బస్సు, బంగారుపేట నుంచి రైలు, ఓడ, అన్నీ కలిపి నలభై వేలు దాటలేదు.

ఎక్కగానే మొట్టమొదట చేయించినది లైఫ్‌జాకెట్టు పాఠం. ఈల మోగితే ఎవరు ఏ అంతస్తుకు, ఏ పడవ దగ్గరికి పోవాలో చూపించారు. కొందరు విసుక్కున్నారు. ఈ నియమాలు ఊరికే రాలేదు. 1912లో టైటానిక్ మునిగాక 1914లో నౌకల భద్రతకు అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది పోయాక, ప్రయాణికులకు ఈ పాఠం ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే, అయిపోవాలని బిగించారు. అంత దూరం ఎందుకు, 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. అది గుర్తున్నవారెవరూ ఆ అట్టముక్కలాటి జాకెట్టును చూసి నవ్వరు. మేము రెండుసార్లు కట్టుకుని విప్పి చూసుకున్నాం.

ఆ నౌక 1990లో ఫ్రాన్సులో కట్టినది, రెండువందల మీటర్లకు పైబడిన పొడుగు. చేతులు మారింది, పేర్లు మారింది. నడవాల్లో తివాచీలు కొత్తవి, గోడల రంగు కొత్తది. తలుపు మడతల దగ్గర మాత్రం పూతమీద పూతలు దట్టంగా కనబడ్డాయి. అప్పుడే సున్నం కొట్టి వచ్చిన చేతులు గనుక మా కళ్ళు ముందు అక్కడికే పోయాయి. ముప్పయి రెండేళ్ళ పాతదానికి ఇంత సోకా అని ఒకరం, మన మిద్దె దీనికన్నా పెద్దది కదా అని ఇంకొకరం.

రేవు నీరు మట్టిరంగు. గంటసేపటికి పచ్చబడింది, ఆ పైన నీలిరంగు. ఒడ్డు పోయిన తరువాత చుట్టూ గీత ఒక్కటే. మాలో దగ్గు ఉన్నవారు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. మొదటి రాత్రి చాలాసేపు దగ్గు రాలేదు. సముద్రపు గాలి మందు అని చెప్పబోవడం లేదు. అక్కడ ఫార్మలిన్ లేదు, అంతవరకే. నిద్రపోమంటే, "ఆకు వేసే వేళయింది, నిద్ర యాడొస్తాది" అన్న జవాబు వచ్చింది. ఆ రెండు గంటల వేళ ఇద్దరం పై అంతస్తులో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అలల చప్పుడు ఆకు నమిలినట్టే ఉందని అనుకున్నాం, ఆ మాట పైకి అన్నది ఇద్దరిలో ఎవరో గుర్తులేదు.

ఒకప్పుడు సముద్రయానం కలివర్జ్యమన్నారు. ఆ మాట విననివారు, వినే స్తోమత లేనివారు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూను పోయి రేవుల్లో, మిల్లుల్లో కూలి చేశారు. వారికి గది లేదు, డెక్కుమీదే పడక. బర్మాలో మనవారిని 'కోరంగి' అని పిలిచేవారు, గోదావరి ముఖాన ఉన్న ఆ చిన్న రేవు పేరుమీద. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు ఓడ దొరకనివారు అడవుల్లో నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో ఆ కథ ఇంట్లోనే ఉన్నవారు ఉంటారు. అదే బంగాళాఖాతం మీద మేము కుర్చీ వేసుకుని కాఫీ తాగాం. ఆ సంగతి తలచుకుంటే కాఫీ కాసేపు గొంతు దిగలేదు. ఆ పిమ్మట దిగింది.

తిరిగివచ్చేసరికి చెరువు కట్టమీద జనం చేరి ఉన్నారు. బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి మా జిల్లా చెరువులు నింపే పథకం ఒకటి నడుస్తున్నది. ఆ నీటి మంచిచెడ్డల మీద తగవు మా తాలూకాలో ఇప్పటికీ తెగలేదు, ఆనాడూ అదే మాట. మమ్మల్ని చూసి, సముద్రం ఎట్లుండాది అని అడిగారు. నిండుగా ఉందని చెప్పాం.

పక్కింటి పెద్దాయన మాత్రం సాయంత్రం అరుగుమీదికి వచ్చి టిక్కెట్టు ధర మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. లోపలి గదిదా, కిటికీ గదిదా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఈ పంట గూళ్ళకు ధర పలికితే ముసలమ్మను తీసుకుని పోతారట. ఎట్లా బుక్ చేయాలో కాగితంమీద కన్నడంలో రాసి ఇచ్చాం, ఆయనకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు.