పదమూడు తూటాల లెక్క

మా ఆడపడుచు కూతురు సబ్ ఇన్‌స్పెక్టరు. మా ఊళ్లోనే పోస్టింగు కాబట్టి మా ఇంట్లోనే ఉంటోంది. పిల్లని చూడ్డానికి వచ్చిన పెళ్లివారు జీతం సంగతి తర్వాత అడుగుతారు. ముందు, "తుపాకీ ఇంటికి తెస్తుందా అండీ?" అంటారు గొంతు తగ్గించి. వాళ్లననుకుని ఏం లాభం! ఆ తోలు ఒరలో నల్లటి వస్తువంటే నాకూ బెదురే. బెదురుతో పాటు కుతూహలమూనూ.

సినిమాల్లో గిర్రున తిరిగే ఆరు గళ్ల రివాల్వరు కాదిది. 9 మిల్లీమీటర్ల సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. కలకత్తా దగ్గర ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారు. ట్రిగ్గరు ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. కాని పేలిన విసురుకే పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ డొప్పని బయటికి విసిరేసి, ముందుకొస్తూ ఇంకో తూటాని లోపలికి తోసుకుంటుంది. పిడిలో దూర్చే మ్యాగజైనులో 13 పడతాయి.

దీని పుట్టిల్లు బెల్జియం. అమెరికావాడు జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో పోతే, అక్కడి సేవ్ అనే నిపుణుడు పూర్తిచేశాడు. 1935లో బయటికొచ్చింది. యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ జర్మన్ల చేతిలో పడ్డాక, ఇదే పిస్తోలు 1944లో కెనడాలో, టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీలో తయారైంది. ఆ కంపెనీలో తుపాకులు చేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామందే. యుద్ధం అయ్యాక అదే కంపెనీ ఏం చేసిందనుకున్నారు? బట్టలుతికే యంత్రాలు! మన ఇచ్ఛాపూర్‌ది ఆ కెనడా రకమే.

మొన్న మధ్యాహ్నం పిల్ల భోజనానికి వచ్చింది. ఇంట్లో మనవలున్నారని, చేతులైనా కడుక్కోకుండా గదిలోకెళ్లి గోడవైపు తిరిగింది. ముందు మ్యాగజైను ఊడదీసింది. తర్వాత పైభాగం వెనక్కి లాగి లోపలికి చూసింది. చూసింది చాలక చిటికెనవేలు పెట్టి తడిమింది.

"మ్యాగజైను తీసేశావుగా, ఇంకేం ఉంటుందే?" అన్నాను గుమ్మంలోంచి.

"అక్కడే మోసం అత్తయ్యా. అది తీసినా లోపల ఒకటి ఉండిపోవచ్చు. పోనీ, ముందు పైది లాగి తర్వాత మ్యాగజైను తీశాననుకో, ఇంకోటి లోపలికెక్కి కూర్చుంటుంది. వరస తప్పకూడదు."

బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి కూచుంది. గోంగూరపచ్చడి వడ్డిస్తూ, ఎన్నాళ్లనుంచో నోట్లో నానుతున్నది అడిగేశాను.

"ఎప్పుడైనా మనిషి మీద పేల్చావుటే?"

"లేదు. ఒకసారి తీశాను, అంతే."

"తీసి?"

"వేలు ట్రిగ్గరు మీద పెట్టలేదత్తయ్యా. పక్కనే ఉంచుకున్నా. వాడు కత్తి కింద పడేశాడు." కాసేపు అన్నం కలుపుతూనే ఉంది. "ఇంకొక్క అడుగు ముందుకేసుంటే..." అని, మజ్జిగ అందుకుంది. నేను మళ్లీ అడగలేదు.

ప్రాక్టీసులో పేల్చిన తూటాల ఖాళీ డొప్పలు కూడా ఏరి లెక్కకి అప్పజెప్పాలిట. ఒక్కటి తగ్గితే కాగితాల మీద కాగితాలు రాయాలి. రాయించనీండి! తక్కిన లెక్కల సంగతి ఎలా ఉన్నా, సర్కారు ఈ ఒక్క లెక్క ఇంత గట్టిగా చూడడం నాకు నచ్చింది.

పల్లెలో ఉన్న మా ఆడపడుచు రోజూ రాత్రి ఫోను చేస్తుంది. ఇదివరకు "తిన్నావా?" అనేది. ఇప్పుడు "పదమూడూ ఉన్నాయా?" అంటోంది. "ఉన్నాయమ్మా" అని ఇది చెబితేగాని పక్క ఎక్కదు.