పరాయి నోట్లు – అమానతు లెక్కలు

మదరసాలో ‘సర్ఫ్’ అధ్యాయం, అంటే ద్రవ్య మార్పిడి నియమాలు వచ్చినప్పుడల్లా విద్యార్థుల ముఖాల్లో నిరాసక్తత కనిపిస్తుంది. బంగారు దీనారును వెండి దిర్హములతో మార్చుకునే మసాయిల్ ఈ కాలంలో ఎవరికి కావాలని వారి సందేహం. పాతికేళ్లుగా ఆ పాఠం చెబుతున్న నేను, అది ఎంత సజీవమైన పాఠమో నిరుడు ఒక ఓడ మీద చూశాను.

మా తమ్ముడి కుమారుడు సింగపూర్‌లో ఉద్యోగి. పెద్దలందరినీ ఒకసారి సముద్రయానం చేయించాలన్నది అతని కోరిక. నేను, నా భార్య, తమ్ముడు, మరదలు, మా పెద్దక్క – ఆపా – బయలుదేరాము. సింగపూర్‌లో ఓడ ఎక్కి, మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి తిరిగి సింగపూర్ చేరడం. నాలుగు రాత్రుల ప్రయాణం. టిక్కెట్ల ఖర్చు అబ్బాయిదే. చేతి ఖర్చు మాత్రం ఎవరిది వారిది. ఆపా వితంతువు, కుట్టుపనితో బతుకుతున్న మనిషి. కూడబెట్టిన నలభై వేల రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

విదేశీ నోట్లను అధీకృత మార్పిడి కేంద్రంలోనే కొనాలి. ప్రతి ప్రయాణికుని పాస్‌పోర్టు మీద విడివిడిగా ఇస్తారు, రసీదూ విడిగానే ఇస్తారు. చాలా దేశాలకు వెళ్లే మనిషి ఒక ప్రయాణంలో 3,000 అమెరికా డాలర్ల విలువ వరకే నోట్ల రూపంలో తీసుకుపోవచ్చు. మన రూపాయలైతే 25,000 వరకు. మా మొత్తాలు వీటికి చాలా తక్కువే. అయినా నేను ఎవరి డబ్బు వారి కవరులో పెట్టి, పైన పేరు, అంకె రాశాను. తమ్ముడు నవ్వాడు.

“భాయిజాన్, తోబుట్టువుల మధ్య ఈ పద్దులేమిటి? అంతా ఒక సంచీలో వేసి ఖర్చు పెట్టుకుందాం.”

“సంచీ ఒకటైతే, అందులో తక్కువ ఉన్నవారు నోరు తెరవలేరు తమ్ముడూ” అన్నాను.

ఓడ లోపల నగదుతో పని ఉండదు. ఎక్కేటప్పుడు ఒక కార్డు ఇస్తారు. గది తాళమూ అదే, ఖాతా పుస్తకమూ అదే. దానికి బ్యాంకు కార్డునైనా జోడించాలి, నగదైనా ముందుగా జమ కట్టాలి. తాగిన టీ మొదలు ప్రతిదీ ఓడ వారి ద్రవ్యంలో ఆ ఖాతాకెక్కుతుంది. సిబ్బంది సేవా రుసుము మనిషికి, రాత్రికి ఇంత అని దానంతటదే చేరుతుంది. అందువల్ల దిగే ముందు పద్దు అడిగి తీసుకుని చదవడం అవసరం. ఇక మా ఓడలో నగదు యంత్రం ఉన్నది జూదశాల పక్కనే! ఎవరి అవసరం కోసం అక్కడ పెట్టారో వేరే చెప్పనక్కర లేదు. తీరంలో ఖర్చుకు తీరంలోనే మార్చుకుందామని నిర్ణయించుకున్నాము.

పెనాంగ్ రేవు నుండి కాలినడకన పోగల దూరంలో కపితాన్ కెలింగ్ మస్జిద్ ఉంది. కోరమాండల్ తీరం నుండి వలసపోయిన భారతీయ ముస్లిం వర్తకులు రెండు శతాబ్దాల క్రితం నెలకొల్పిన మస్జిద్ అది. ఆ వీధిలో నోట్లు మార్చే చిన్న చిన్న కొట్లున్నాయి. నడిపేవారిలో అనేకులు తమిళ మూలాలున్న ముస్లిములే. కొట్టు ముందు పలకపై ప్రతి నోటుకూ రెండు ధరలుంటాయి. ఒకటి వారు కొనే ధర, రెండవది వారు అమ్మే ధర. ఆ రెంటి మధ్య తేడాయే వారి లాభం. ఒకసారి మార్చితే ఒకసారి నష్టం. మార్చినదాన్ని మళ్లీ మార్చితే మళ్లీ నష్టం. కనుక ఆ రోజుకు ఎంత కావాలో అంతే మార్చుకోవడం వివేకం.

ఒక వృద్ధుడు నా డాలర్లు తీసుకుని రింగిట్లు లెక్కపెట్టాడు. యాభై రింగిట్లు తక్కువయ్యాయి. “హజ్రత్, జుహ్ర్ నమాజు తర్వాత వచ్చి తీసుకోండి” అన్నాడు. అతని నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. అయినా, “చేతిలో ఉన్నంతకే మార్చండి, మిగిలిన డాలర్లు తిరిగి ఇవ్వండి” అన్నాను. అతడు నా వైపు చూసి చిరునవ్వు నవ్వి, “నిజమే, సర్ఫ్ కదా!” అంటూ అలాగే చేశాడు.

దైవప్రవక్త (స) బోధన ఇదే. బంగారానికి వెండి మారకమైతే హెచ్చుతగ్గులు ఉండవచ్చు, కాని ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే, చేతికి చేయిగా జరగాలి. కాగితపు కరెన్సీలకూ ఇదే నియమం వర్తిస్తుందని 1986లో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. సహాబాల కాలంలో హిజాజ్‌లో చలామణి అయినవి రోమన్ల బంగారు దీనార్లు, పారశీకుల వెండి దిర్హములు. ముస్లిములు తమదైన దీనారును స్థిరపరచుకున్నది తర్వాత, ఖలీఫా అబ్దుల్ మలిక్ హయాంలో. అంటే ఈ నియమాలు పరాయి నాణేలతో బతికిన ప్రజలకే మొదట అందాయి.

మరునాడు ఫుకెట్. ఓడ సముద్రంలోనే లంగరు వేసింది. చిన్న పడవల్లో పటోంగ్ తీరానికి చేర్చారు. అక్కడి కొట్లలో వంద డాలర్ల నోటుకు ఒక ధర, చిన్న నోట్లకు అంతకన్నా తక్కువ ధర. చిరిగిన, గీతలు పడిన నోటును తీసుకోరు. యంత్రం నుండి తీస్తే, ఎంత తీసినా ఒక్కోసారికి 200 భాట్లకు పైగా రుసుము. దుకాణంలో కార్డు గీస్తే “రూపాయల్లో చెల్లిస్తారా, భాట్లలోనా?” అని యంత్రం అడుగుతుంది. రూపాయలు అనగానే మనవాళ్లకు సంతోషం కలుగుతుంది. కాని ఆ మార్పిడి ధర సాధారణంగా మనకు నష్టమే. స్థానిక ద్రవ్యాన్నే ఎంచుకోవాలి.

అక్కడ బజారులో మరదలికి భాట్లు చాలలేదు. పక్కనే ఉన్న ఆపా తన సంచీ తెరిచి 1,500 భాట్లు ఇచ్చింది. సాయంత్రం ఓడ కదిలాక తమ్ముడు అన్నాడు: “ఆపా, ఊరికి వెళ్లాక మూడు వేలు ఇచ్చేస్తాను. భాట్ అంటే రెండు రూపాయలే కదా.” ఆపా, “దానికేముంది, ఇవ్వకపోయినా ఫర్వాలేదు” అంది.

తమ్ముడి మనసులో దురుద్దేశం లేదు. పరాయి నోటు స్వభావమే అంత. దాని మీద మన చెమట గుర్తు ఉండదు. రూపాయి నోటు చూస్తే అది ఎన్ని గంటల శ్రమో తెలుస్తుంది. భాట్ చూస్తే రంగు కాగితమే కనిపిస్తుంది. ఆ రోజు భాట్ విలువ రెండున్నర రూపాయలు దాటి ఉంది. అంటే 750 రూపాయలకు పైగా తేడా. మిగిలిన డబ్బుతో కుట్టుమిషనుకు మోటారు బిగించుకోవాలని ఆపా అనుకుంటున్నట్లు నా భార్యకు మాత్రమే తెలుసు. ఆ రాత్రి నాకు చెప్పింది.

ఉదయం ఫజ్ర్ తర్వాత తమ్ముణ్ణి ఓడ పైఅంతస్తుకు తీసుకుపోయాను. మోటారు సంగతి చెప్పలేదు. అది ఆపా పరువు. హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఒంటెల బేరం గుర్తు చేశాను. ఆయన దీనార్లకు ఒంటెలను అమ్మి, దిర్హములు పుచ్చుకునేవారు. ఇది సమ్మతమేనా అని అడిగితే దైవప్రవక్త (స) అనుమతించారు. అయితే ఆ నాటి ధరకే తీసుకోవాలని, విడిపోయేటప్పటికి ఇద్దరి మధ్య బాకీ మిగలరాదని షరతు పెట్టారు. “నువ్వు తీసుకున్నది భాట్లు. భాట్లే తిరిగి ఇవ్వు. వేరే ద్రవ్యం ఇవ్వదలిస్తే, ఇచ్చే రోజు ధరకు పూర్తిగా ఇవ్వు” అన్నాను.

“ఆపా అడగలేదు కదా భాయిజాన్?”

“అడగలేని వారి హక్కునే కదా ముందు చూడాలి!”

అతడు కాసేపు సముద్రం వైపు చూశాడు. తర్వాత కొడుకును పిలిచి ఆ నాటి ధర చూడమన్నాడు. సుమారు 60 సింగపూర్ డాలర్లు తేలింది. స్వయంగా తీసుకుపోయి ఆపా చేతికిచ్చాడు. ఆమె వద్దు వద్దంటూనే తీసుకుంది, తీసుకున్నాక లెక్కపెట్టుకుంది. ఆ లెక్కపెట్టడంలో ఆమె అవసరం ఎంతటిదో తమ్ముడికీ అర్థమై ఉంటుంది.

దివ్య ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలో ఉంది. అది అప్పును రాసుకోమని చెప్పేదే. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అందులో ఆదేశముంది. రాయడం అపనమ్మకానికి గుర్తు కాదు, బంధుత్వానికి రక్షణ. కనుక ప్రయాణంలో ఒక చిన్న పుస్తకం ఉంచుకోండి. ఎవరిది, ఏ ద్రవ్యం, ఎంత, ఏ రోజు – ఈ నాలుగు మాటలు చాలు. తీరం వదిలే లోపు ఆ తీరపు బాకీ తీర్చండి. నాణేలను మార్పిడి కొట్లలో సాధారణంగా తీసుకోరు. వాటిని అక్కడే ఖర్చు చేయండి, లేదా మస్జిద్ పెట్టెలో వేయండి.

ఇంటికి చేరాక 2,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు మిగిలితే, అదనపు భాగాన్ని 180 రోజుల్లో అప్పగించాలన్నది మన దేశ నియమం. అంతకు తక్కువైతే ఉంచుకోవచ్చు. కాని ఉంచుకున్నదానికీ లెక్క ఉంటుంది. ఉమ్రా నుండి వచ్చిన ఎన్నో ఇళ్లలో, బీరువా అరలో కొన్ని రియాళ్లు ఏళ్ల తరబడి పడి ఉంటాయి. జకాత్ లెక్కించే రోజు వాటినీ బయటికి తీసి, ఆ నాటి ధర కట్టి కలపండి. వాటిలో ఎవరైనా తెమ్మని ఇచ్చిన సొమ్ము మిగిలి ఉందేమో చూడండి. ఉంటే, ఈ రోజే వారి తలుపు తట్టండి.