ఫిరంగులు పేలని దీవి

జపాను రాజధాని టోకియో నగరం ఒక అఖాతం ఒడ్డున ఉన్నది. ఆ అఖాతంలో ఒడైబా అనే పేట ఉన్నది. అక్కడ పెద్ద పెద్ద మేడలూ, అంగళ్లూ, ఇసుక తిన్నే, విజ్ఞాన ప్రదర్శనశాలా అన్నీ ఉన్నాయి. కాని ఆ నేల మాత్రం మనుషులు చేసినది! ఒకప్పుడు అక్కడ అంతా సముద్రమే.

మనమూ వెళ్లి చూద్దామా? షింబాషి అనే చోట రైలెక్కండి. ముందు పెట్టెలో కూచోండి. అరే, డ్రైవరు ఏడీ? లేడు! 1995లో మొదలుపెట్టిన ఈ రైలును యంత్రాలే నడుపుతాయి. దీని చక్రాలు కూడా ఇనుపవి కావు, రబ్బరువి. ఎదురుగా ఎత్తయిన వంతెన వస్తున్నది. దాన్ని అందుకోవటానికి రైలు గుండ్రంగా ఒక చుట్టు తిరిగి పైకెక్కుతుంది. 1993లో తెరిచిన ఈ వంతెన పేరు ఇంద్రధనుస్సు వంతెన. దాని రెండు పెద్ద స్తంభాల నడుమ దూరం 570 మీటర్లు!

ఇప్పుడు కిందికి చూడండి. నీళ్లలో చెట్లు పెరిగిన రెండు దిబ్బలు కనిపిస్తున్నాయి కదూ? అసలు కథ వాటిదే.

జపాను రెండు వందల ఏళ్లకు పైగా పరదేశీయులను దాదాపుగా రానివ్వలేదు. 1853లో పెర్రీ అనే అమెరికా నౌకాధిపతి నాలుగు యుద్ధనౌకలతో వచ్చి, రేవులు తెరవమన్నాడు. జవాబుకు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. పాలకులు హడలిపోయారు. నగరాన్ని కాపాడుకోవటమెలా? దగ్గరలో గోటెన్‌యామా అనే గుట్ట ఉన్నది. వసంతకాలంలో అక్కడి చెర్రీపూలు చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చేవారు. ఆ గుట్టనే తవ్వించి, మట్టిని సముద్రంలో పోయించి, చుట్టూ రాతిగోడలు కట్టించి, పైన ఫిరంగులు నిలిపారు. “దైబా” అంటే ఫిరంగి దిబ్బ. పేటకు ఆ పేరే వచ్చింది.

1854లో పెర్రీ తిరిగి వచ్చాడు. యుద్ధం జరగలేదు, ఒడంబడిక కుదిరింది. ఆ ఫిరంగులు ఏ యుద్ధంలోనూ పేలనే లేదు.

వాటి పక్కన పెద్ద దీవి తరవాత, ఇరవయ్యో శతాబ్దంలో ఏర్పడింది. సముద్రంలో గోడ కట్టి, లోపల మట్టి పోసి నింపారు. అయితే ఇలాంటి నేలకొక చిక్కు ఉన్నది. సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి, కాళ్లు గబగబా ఆడించి చూడండి. ఇసుక మెత్తబడి, నీరు పైకి ఊరి, పాదాలు దిగబడతాయి. భూకంపం వస్తే పూడ్చిన నేల కూడా ఇలాగే కావచ్చు. 2011లో వచ్చిన భూకంపానికి అదే అఖాతం ఒడ్డున ఉరయాసు అనే ఊళ్లో నేలలోంచి నీరూ, ఇసుకా పైకి చిమ్మాయి. ఇళ్లు పక్కకు ఒరిగాయి. అందుకే ఇటువంటి చోట్ల పెద్ద మేడలకు, కింద గట్టి నేల తగిలేదాకా స్తంభాలు దింపుతారు.

ఇక రైలు దిగి, ఇసుక తిన్నె పక్కగా నడిస్తే మూడవ దిబ్బ చేరతాం. 1928లోనే దాన్ని ఉద్యానవనం చేశారు. లోపల పళ్లెంలా పల్లంగా ఉంటుంది. గట్టు మీద నిలబడి ఓడలు చూడవచ్చు. ఆరవ దిబ్బ మీదికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వరు. శత్రువుల కోసం కట్టిన ఆ కోటలో ఇప్పుడు పక్షులు కాపురం ఉంటున్నాయి.