గద్ద, మాంజా, నేను

నా బ్లాగులో జావా గోల తప్ప పక్షుల గోల ఎప్పుడూ ఉండదు. కానీ మొన్న సంక్రాంతికి మలక్‌పేటలో మా మేడ ఎక్కి దిగాక ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆ మధ్య ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు, ఒక శనివారం టీం అంతా కలిసి గ్లోస్టర్‌షైర్‌లో న్యూఎంట్ అనే చిన్న ఊరికి పోయాం. అక్కడ 1967లో మొదలైన వేటపక్షుల కేంద్రం ఒకటుంది. డేగలు, రాబందులు, గుడ్లగూబలు, బజార్డులు. (బజార్డ్ అంటే ఇంగ్లండ్‌లో వెడల్పు రెక్కల గద్దలాంటి పక్షి. అమెరికాలో అదే మాటని రాబందుకి వాడతారు. మనకేమో గోదావరి జిల్లాల్లో డేగ అంటే పందెం కోడి రంగు :))

తోలు గ్లోవ్ మీద హ్యారిస్ హాక్ వాలడం చూసి నేను నోరు తెరిచేశా. పిలిస్తే వస్తోంది! ప్రేమేమో అనుకున్నా. కాదట, తూకమట. ఇలా ఎగరేసే పక్షుల్ని రోజూ తూచి, దాన్నిబట్టి మాంసం పెడతారు. కడుపు నిండిన డేగకి మనిషితో పనేంటి? వెళ్ళి చెట్టెక్కి కూర్చుంటుంది. అన్నట్టు అడవి డేగల్లో ఎక్కువ శాతం ఒంటరిగా వేటాడతాయి, ఈ హ్యారిస్ హాక్‌లు మాత్రం గుంపుగా. టీం ప్లేయర్స్ అన్నమాట.

"మీ దేశంలో ఇలాంటివి లేవా?" అని అడిగాడు పక్కనున్న కొలీగ్. 1972 చట్టం ప్రకారం మా దగ్గర అడవి పక్షిని పట్టి పెంచుకోవడం నేరం అని గొప్పగా చెప్పా. చెప్పేశాక మాత్రం నోట్లో ఏదో చేదుగా అనిపించింది. ఎందుకంటే..

2016 సంక్రాంతి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఎన్ని పేంచీలు వేసినా తెగదని ఎవరో చెబితే చైనా మాంజా కొన్నా. పేరుకే చైనా, నైలాన్ దారం అంతే. మధ్యాహ్నం పదిహేను పతంగులు కోసేసి వీధంతా వినపడేలా కేకలు. సాయంత్రం చూస్తే, మా ఇంటి ముందు వేపచెట్టుకి ఒక గద్ద తలకిందులుగా వేలాడుతోంది. మూసీ వైపు రోజూ గుండ్రంగా తిరుగుతాయే, చీలిన తోకవి, అదే.

కింది పోర్షన్ చాచా "చద్దర్ లా బేటా" అని అరిచాడు. దుప్పటి తల మీద కప్పగానే అది కొట్టుకోవడం ఆపేసింది. కళ్ళకి చీకటైతే ఊరుకుంటాయట. భుజం నుంచి రెక్క మలుపు దాకా సాగే పల్చటి పొర ఒకటుంటుంది, అది ఎముక కనపడేలా తెగిపోయింది. ఆ పొర లేకపోతే రెక్క చాపలేదు. అట్టపెట్టెలో పెట్టి ఆటోలో తీసుకెళ్ళాం. చూసినాయన "బతకొచ్చు, ఎగరడం మాత్రం కష్టం" అన్నాడు. ఒళ్ళో పెట్టె, లోపల గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు.. దారిలో చాచా నన్ను ఒక్క మాట అన్లేదు. ఆ దారం నాదేనా అంటే ఏమో. ఆ రోజు ఆకాశంలో వందల దారాలు. కానీ దాని రెక్కకి చుట్టుకున్నది పచ్చ దారం, నా చక్రీలోది కూడా పచ్చదే.

ఢిల్లీలో ఇలా దెబ్బతిన్న గద్దలకి వైద్యం చేసే అన్నదమ్ముల మీద 2022లో 'ఆల్ దట్ బ్రీత్స్' అని డాక్యుమెంటరీ వచ్చింది. నేను సగం చూసి ఆపేశా. మిగతా సగం ఇంకా బాకీ.

నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు చక్రీ పట్టుకుని మేడెక్కాడు.

"ఏం దారం రా అది?"

"కాటనే బాబాయ్, ఒట్టు."

చక్రీ తీసుకుని, దారం రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగా. నా వేలు తెగింది. దారం తెగలేదు.