అవ్వ నడుం ఎప్పుడు వంగింది?

చలి దిగింది, ఇట్లా మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఒక మాట అడుగుతా. మీ ఇంట్లో అవ్వ నడుం ఏ ఏడాది వంగిందో మీకెవరికైనా గుర్తుందా? నాకైతే లేదు. మా కొత్తకోటలో ఒక పెద్దమ్మ వాకిట్లో చెంబు పట్టుకుని పోతూ కాలు జారింది. పెద్దగా పడింది కూడా లేదు, చెయ్యి నేలకు ఆనించిందంతే. మణికట్టు విరిగింది. "వయసైంది గద బిడ్డా, ఇగ ఇట్లనే ఉంటది" అంది. మేమూ తలూపాం.

ఆ తలూపడం తప్పని నాకు తర్వాత తెలిసింది. నిలబడ్డ మనిషి జారిపడితేనే ఎముక విరిగిందంటే, అది చాలా ముందే గుల్లబారి ఉందన్నమాట. డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అనేది దీన్నే. నొప్పి ఉండదు, వాపు ఉండదు. వెన్నుపూసలు ఒక్కొక్కటే నలిగి మనిషి పొట్టిగా అవుతుంటే, వంగి నడిచే అలవాటనుకుంటాం.

ఎముక బతికున్నంత కాలం ఒకపక్క కూలుతూ, ఒకపక్క కట్టుకుంటూ ఉంటుంది. ముప్పై ఏళ్ల దాకా కట్టుడు ఎక్కువ, ఆ తర్వాత మెల్లగా కూలుడు ఎక్కువ. ఆడవాళ్లలో ఆ కూలుడికి పగ్గం వేసేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్. ముట్లు ఆగిపోయాక ఆ పగ్గం వదులైపోతుంది. మొదటి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా కరుగుతుంది.

నా గుండె బరువెక్కేది ఇక్కడే. మన దగ్గర ముట్లు ఆగేదాకా ఎవరు ఆగనిచ్చారు? కడుపునొప్పి అన్నా, తెల్లబట్ట అన్నా "గర్భసంచి తీయించుకో" అనేశారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్ల మనిషి ఎముకలకు ఒక్కరోజులో ముసలితనం మొదలైనట్టే. ఉంచినా, కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి.

తిండి సంగతీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ల మధ్య 289 మంది పేద మహిళల ఎముకలు కొలిచి, 2005లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 29 శాతం మందికి తుంటి దగ్గర తొడ ఎముక గుల్లబారింది. వాళ్లకు రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. కావలసింది 1000, ముట్లు ఆగినవాళ్లకు 1200. ఈ లోటును ముసలితనం మీదకి ఎట్లా నెడతాం?

మన పాలమూరు అవ్వలు తైదంబలి, అంటే రాగి అంబలి తాగేవాళ్లు. వంద గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం. రేషన్ బియ్యం వచ్చాక తైదలు పండగ వస్తువయ్యాయి. మళ్లీ తెచ్చుకోండి. పల్లీల చట్నీ మనకు ప్రాణమే, కానీ కాల్షియంలో నువ్వులు పల్లీలకు ఎన్నో రెట్లు ముందున్నాయి. చట్నీలో ఒక పిడికెడు నువ్వులు వేయండి. పూట పూటకూ పెరుగో మజ్జిగో ఉండాలి. ఇక ఎండ. పొలంలో ఉండేవాళ్లకు కొదవ లేదు. మన ఊళ్లో గుంత మగ్గం మీద పొద్దంతా చీర నేసే అక్కలకు మాత్రం అది అందదు. మధ్యాహ్నం కాసేపు బయటికి రండి అక్కా, చేతుల మీద ఎండ పడనీయండి. ఎండ పడితేనే ఒంట్లో తయారయ్యే విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి సరిగా పట్టదు.

మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి వాడే సూదులు, బిళ్లల్లో స్టెరాయిడ్ ఉందేమో తప్పకుండా అడగండి. అది ఎముకను తినేస్తుంది. అట్లాగని చాలాకాలంగా వాడుతున్నదాన్ని డాక్టర్‌ని అడగకుండా ఒక్కసారిగా మానకూడదు.

ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా అనే పరీక్ష ఉంది, పడుకోబెట్టి ఎక్స్‌రేలా తీస్తారు. అందులో టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే వ్యాధి ఉన్నట్టు. మందులున్నాయి. వారానికొక బిళ్ల పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. ఏడాదికొక ఇంజెక్షన్ కూడా ఉంది. ఏది ఎవరికి సరిపోతుందో డాక్టర్ చెప్పాలి. ఇంట్లో మాత్రం బాత్రూం నేల తడి లేకుండా తుడవండి, పట్టుకోవడానికి గోడకొక కమ్మీ బిగించండి, రాత్రి ఒక చిన్న బల్బు వెలగనీయండి. తుంటి విరిగిన అవ్వల్లో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు.

ఒక్క పని చేసిపెట్టండి. మీ అమ్మకో అక్కకో గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే, పెట్టెలో దాచిన ఆ ఆస్పత్రి కాగితం బయటికి తీయండి. అండాశయాలు ఉంచారా, తీశారా అని అందులో రాసి ఉండాలి. దాన్ని పట్టుకుని ఆమెను ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకుపొండి.