అవ్వ ఇంటి క్రిస్మసు

ఈ సంచికకు క్రిస్మసును గూర్చి ఏదైన వ్రాయుమని పదవ తరగతి పిల్లలు కోరినప్పుడు వెంటనే ఒప్పుకొంటిని. నక్షత్ర దీపములు, పాటలు, పిండివంటలు, వీనితో రెండు పుటలు నిండిపోవునని తలచితిని. కాని కాగితము ముందు కూర్చుండగనే, గడచిన డిసెంబరు 25వ తేదీ మధ్యాహ్నము మా అత్తగారి ఇంట జరిగిన ఒక చిన్న సంగతి తప్ప మరేమియు తోచలేదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను దానినే వ్రాయుచున్నాను.

మా కాపురము బంగారుపేటలో. అత్తగారి ఇల్లు కోలారు బంగారు గనులలో, చాంపియన్ రీఫ్ లైన్లలో ఉన్నది. పండుగనాడు ఉదయము ఇద్దరు పిల్లలతో మారికుప్పము రైలెక్కితిమి. పట్టుమని పదిమైళ్ళ దారి. 1894లో గనుల కొరకే వేసిన దారి ఇది. ఒకప్పుడు యంత్రములను, బొగ్గును మోసిన ఈ దారి ఇప్పుడు గనిపనివారి కొడుకులను, మనుమలను తెల్లవారక ముందే బెంగుళూరు ఉద్యోగములకు మోయుచున్నది. ఆనాడు మాత్రము పెట్టె నిండ కొత్తబట్టల వాసన. ఎనిమిదేండ్ల మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుండి కోరమాండల్, ఉరిగాం అని స్టేషను పలకలను కన్నడములో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదువుచు వచ్చెను. తండ్రిగా నేను మురిసితిని. ఆ మురిపెము మధ్యాహ్నము వరకే నిలిచినది.

ఉరిగాం దాటుచుండగా అయిదేండ్ల మా అబ్బాయి "నాన్నా, మంచు!" అని కేక వేసెను. బడిలో వానికిచ్చిన క్రిస్మసు చీటీ మీద తెల్లని కొండలు, వాని క్రింద ఒక గుడి బొమ్మ ఉన్నవి. వాడు చూపినవి సైనైడు గుట్టలు. గనిలో నుండి తెచ్చిన రాతిని పిండిచేసి, సైనైడు నీటిలో బంగారమును కరగదీసికొన్న పిమ్మట మిగిలిన మన్ను అది. నూరేండ్లకు పైగా పోసిన మన్ను గుట్టలు గుట్టలుగా పడియున్నది. గాలికాలములో ఆ ధూళి ఇండ్లలోని అన్నపు గిన్నెల మీద కూడ పడును. ఎక్కి జారుదమని పిల్లలిద్దరును పట్టుపట్టిరి. అది మంచిది కాదని చెప్పి, రైలు దిగిన తరువాత కూడ చేయి విడువక నడిపించుకొని పోతిని.

మా మామగారు చాంపియన్ రీఫ్ గనిలో, భూమి లోపల పనిచేసినవారు. ఆ గని లోతు మూడు కిలోమీటర్లకు మించినది. జాన్ టేలర్ కంపెనీవారు 1880 ప్రాంతములలో మొదలుపెట్టిన తవ్వకము, 1956లో మైసూరు ప్రభుత్వము చేతికి, పిదప కేంద్రము చేతికి వచ్చి, 2001 ఫిబ్రవరి 28న ఆగిపోయినది. అంతటి లోతునుండి ప్రతిదినము పైకి వచ్చిన మనుష్యుడు, పని పోయిన తరువాత ఇంటి అరుగు దిగుటకు కూడ విసుగుకొనెడివాడు. ఆయన గతించి పదేండ్లైనది. అత్తగారు ఆ ఇల్లు విడిచి మా యింటికి రానన్నది.

లైన్లలో అడుగుపెట్టగనే పండుగ కనబడినది. ప్రతి చూరుకు ఒక కాగితపు నక్షత్రము. శివసముద్రము నుండి కావేరి జలవిద్యుత్తు 1902లోనే ఈ గనులకు వచ్చినది. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. కాని ఆ దీపములు మొదట గనులకు, దొరల బంగళాలకు వచ్చినవి. కూలీల గుడిసెలలో కిరసనాయిలు దీపము చాలకాలము ఆరలేదని అత్తగారు చెప్పును. అందుచేతనే కాబోలు, ఈనాటికిని ఆమె తన నక్షత్రమును మధ్యాహ్నము కూడ ఆర్పనీయదు.

ఉదయము ఆరాధనకు పోయితిమి. ఒకే దేవాలయములో ముందు తమిళము, తరువాత తెలుగు. తమిళ ఆరాధన ముగిసి జనము బయటికి వచ్చుచుండగా తెలుగువారు లోనికి పోవుచుండిరి. గుమ్మములో రెండు భాషల పండుగ శుభాకాంక్షలు ఒకదానితో నొకటి ఢీకొన్నవి. లోపల పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడిరి. 1803లో పుట్టి 1890లో గతించిన ఆ కవి పాటలను పుస్తకము చూడకయే పాడగల ముసలివారు ఆ వరుసలలో పదిమంది యుందురు. పిల్లలు పెదవులు కదపుచుండిరి. మా పిల్లలు అదియును లేదు.

భోజనమును గూర్చి ఎక్కువ చెప్పను, చదువువారికి ఆకలి వేయును. బిరియానీకి ముందే కజ్జికాయలు, నిప్పట్లు, గులాబి పువ్వులు, కల్కలలు పళ్ళెములకెత్తి, ప్రక్కింటి తమిళులకు, ఎదురింటి ముసల్మానులకు, మూలయింటి కన్నడిగులకు మా అమ్మాయి చేత పంపిరి. దీపావళికి, రంజానుకు వచ్చిన పళ్ళెములే అవి. లైన్లలో పళ్ళెము ఖాళీగా తిరిగి పోరాదు.

భోజనములైన తరువాత అత్తగారు ట్రంకుపెట్టె తెరచి, పాత చీరముక్కలో చుట్టియుంచిన తెలుగు బైబిలును తెచ్చెను. మామగారు బడికి పోయినవారు కారు. గనిలో చేరిన తరువాత, రాత్రిపూట దేవాలయములో ఎవరో నేర్పగా అక్షరములు కూడబలుకుకొన్నవారు. అయినను ప్రతి క్రిస్మసునాడు భోజనమైన పిమ్మట లూకా సువార్త రెండవ అధ్యాయమును ఆయనయే చదువవలెను, ఇంటిల్లిపాదియు వినవలెను. ఆయన తరువాత కొన్నేండ్లు అత్తగారే చదివెను. ఇప్పుడామె కండ్లకు అక్షరములు ఆనవు. పుస్తకమును మా అమ్మాయి ఒడిలో పెట్టి, "చదువు తల్లీ. మీ తాత చదివినట్ల చదవల్ల" అనెను.

పిల్ల పుట వంక చూచెను. వ్రేలు మొదటి పంక్తి మీద పెట్టెను. తీసెను. నా వంక చూచెను. తరువాత మెల్లగా, "అవ్వా, ఇంగ్లీషులో అయితే చదువుతాను" అనెను.

"ఇంగ్లీషులో చదివితే నాకేం తెలస్తాదమ్మా?" అని అత్తగారు నవ్వెను. అటుపిమ్మట నా వైపు తిరిగెను. ఆ ముఖములో కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరి అడిగినట్లే అడిగెను: "మరి నువ్వు నేర్పేది ఎవురికప్పా?"

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట చెప్పుకొనక తప్పదు. ప్రతి సంవత్సరము మే నెలాఖరున నేను మీ యిండ్లకు వచ్చుచున్నాను. పిల్లలను తెలుగు మాధ్యమములో చేర్పింపుడని కోరుచున్నాను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనని రాజ్యాంగములో 1956లో చేర్చిన 350-ఎ అధికరణమును కూడ చదివి వినిపించుచున్నాను. మూడేండ్ల క్రిందట ఒక తండ్రి నన్ను, "అయ్యవారూ, తమ పిల్లలు ఎక్కడ చదువుతారు?" అని అడిగెను. చిత్తూరు జిల్లాలో పండిత శిక్షణ పొందినప్పుడు నాకు నేర్పిన ఉపాయములన్నియు ఆ క్షణమున అక్కరకు వచ్చినవి. మాట మార్చి లేచి వచ్చితిని. నా పిల్లలు ఇంగ్లీషు బడిలో చదువుచున్నారు. వారి భవిష్యత్తును గూర్చి మీకు గల భయమే నాకును కలదు. ఇంటిలో తెలుగు మాటలాడుచున్నారు కదా, అక్షరములు సెలవులలో నేర్పుదమని అనుకొంటిని. ఎన్ని సెలవులు గడచినవో!

ఆనాడు అధ్యాయమును నేనే చదివితిని. పద్యము చదివినట్లు, రాగము తీసి, గడగడ చదివితిని. సగములో అత్తగారు ఆపెను. "ఇట్ల కాదప్పా. మెల్లగా. మీ మామ ఒక్కో మాట పట్టుకోని చదువుతాడు" అనెను. తిరిగి మొదటినుండి చదివితిని.

సాయంకాలపు రైలులో అబ్బాయి నిద్రపోయెను. అమ్మాయి చాలసేపు మాటలాడలేదు. బెమెల్ నగర్ దాటిన తరువాత నా చేతిలోని కీర్తనల పుస్తకమును తీసికొని, అట్టమీద చూచుచు, "నాన్నా, ఇది కన్నడ 'న' మాదిరే ఉందే. తలకట్టే కొంచెం వేరు" అనెను. అవునంటిని. "ఇది 'ల'. ఇది కూడా అదే." బంగారుపేట వచ్చులోపల ఆ పిల్ల అట్టమీది అక్షరములలో సగమునకు పైగా గుర్తుపట్టెను. రెండు లిపులును ఒకే తల్లి బిడ్డలని తరగతిలో ఏటేట చెప్పుచున్న నాకు, ఆ మాట నా యింట పనికివచ్చునని తోచియుండలేదు. కన్నడము వచ్చిన పిల్లకు తెలుగు రాకపోవుటకు కన్నడము కారణము కాదు, ఇంగ్లీషును కాదు. ఈ జిల్లావారైన మాస్తి వేంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. ఆయన కన్నడములో వ్రాసి 1983లో జ్ఞానపీఠము పొందెను. ఒక తలలో రెండు మూడు భాషలకు చోటు కలదు. మా యింట కొరవడినది చోటు కాదు, సాయంకాలమున అరగంట.

ఆ అరగంట ఇప్పుడు కుదిరినది. బడి మార్చలేదు, మార్చితినని వ్రాసినచో అబద్ధమగును. అత్తగారు బైబిలును మా యింటికి పంపెను, వచ్చు క్రిస్మసుకు తిరిగి తేవలెనను ఒప్పందము మీద. గుణింతములు ముగిసి, ఒత్తులు నడుచుచున్నవి. గడచిన ఆదివారమునాడు కాపరుల ఘట్టమునకు వచ్చి "గొఱ్ఱెల" అను మాట దగ్గర పిల్ల నిలిచిపోయెను. ఆ అక్షరము కన్నడ వాచకములోను లేదు, నేను వ్రాసి యిచ్చిన పలకలోను లేదు. అది బండి ర అని చెప్పితిని. పలక ప్రక్కన ఆడుకొనుచున్న మా అబ్బాయి వెంటనే లేచివచ్చి, పుటమీద వంగి, బండి ఎక్కడనని వెదకుచుండెను.