ఏ దర్గాకు పోతున్నరు?

1997 జనవరిల మేం ఎనిమిది రోజులు ఊర్లు తిరిగినం. మేమంటే నేను, నా మొగుడు. పెండ్లికి పోలె, చావుకు పోలె, మొక్కు తీర్చుకోనీకి పోలె. చూద్దామని పోయినం. ఈ మాట చెప్తే ఆ ఎనిమిది రోజులు ఒక్కరన్న నమ్మలె.

నల్లగొండల లతీఫ్ సాబ్ గుట్ట కింద మా ఇల్లు. ఆయన చిన్న స్కూల్ల ఉర్దూ సారు. నాది కుట్టు మిషను. స్కూలు పిల్లలతోని నాగార్జునసాగర్ పోయినప్పుడు ఆయన ఒక తెల్లోళ్ళ జంటను చూసిండు. వీపుల మీద సంచులు, కాళ్ళకు మామూలు చెప్పులు, చేతిల అరటిపండ్లు. నెలల తరబడి ఎండదేశాలన్నీ తక్కువ పైసలతోని తిరుగుతున్నరట. ఇంటికొచ్చినంక అదే ముచ్చట. "వాండ్లు సముద్రాలు దాటొచ్చి మన జిల్లా చూస్తున్నరు. మనం పక్కనున్న పాలమూరు చూడలె" అన్నడు.

నేను ఖాకీ బట్ట తెచ్చి రెండు సంచులు కుట్టిన, వీపుకు తగిలించుకునేటట్టు. చిట్టీ పైసలు తొమ్మిది వందలున్నయి. రెండేసి జతల బట్టలు, ఒక శత్రంజి, జొన్నరొట్టెలు, పల్లీల పొడి, యాసీన్ కితాబు పెట్టుకున్నం.

మా అత్తమ్మ తలుపుకాడ నిలబడి "కాయ్కు ఫిర్తే బేకార్?" అన్నది. అజ్మీర్ పోతే సవాబ్, జాన్‌పాడ్ పోతే మొక్కు, ఊరికే తిరుగుడేందని ఆమె బాధ. ఆమెను తప్పుబట్టలేను. మా గల్లీల మొగోళ్ళు దుబాయికి పోతరు, లారీల మీద పోతరు. ఆడోళ్ళు పుట్టింటికి పోతరు, దవాఖానకు పోతరు. మా ఖాందాన్ల నాకంటె ముందు ఏ ఆడిదీ ఊరికే చూడనీకి గడప దాటలె. బయటోళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలు తర్వాత చెప్త. మొదటి ప్రశ్న మా ఇంట్లనే పుట్టింది.

దేవరకొండ బస్సెక్కంగనే కండక్టర్ అడిగిండు, "ఏ దర్గాకు పోతున్నరమ్మా? జాన్‌పాడా?" ఆయన మంచిగనే అడిగిండు. జనవరిల జాన్‌పాడ్ ఉర్సు. బుర్ఖా, సంచి ఒక్కకాడ కనపడితే నల్లగొండ జిల్లాల ఎవరికైనా అదే యాదికొస్తది. ఉర్సుకు మాకంటె హిందువులే ఎక్కువ పోతరు, లంబాడోళ్ళు పోతరు, కందూరు చేస్తరు. జాన్‌పాడ్ సైదులుకు మొక్కి పుట్టిన కొడుకుకు సైదులని పేరు పెట్టుకుంటరు. మా జిల్లాల ఏ ఊర్లకు పోయినా ఒక సైదులుంటడు. నమాజు ఎట్ల చేస్తరో ఎరుగని సైదులు. మాకు అది సంతోషమే.

"దర్గాకు కాదన్నా, దేవరకొండ ఖిల్లా చూడనీకి" అన్నడు మా ఆయన. కండక్టర్ టిక్కెట్లు చింపి మళ్ళొక్కసారి మా సంచుల దిక్కు చూసిండు.

పద్మనాయక రాజులు ఏలిన ఖిల్లా అది. ముళ్ళకంపల్ల దారి చేసుకుంట పైకి ఎక్కినం. పైన ఎవ్వరు లేరు. నేను బుర్ఖా తీసి సంచిల పెట్టుకున్న. గాలి మెడకు తగిలింది. ఆయన ఏమనలె. దిగొచ్చేటప్పుడు మళ్ళ వేసుకున్న, ఆయన చెప్పలె, నేనే వేసుకున్న. ఆ రాత్రి పండుకున్న చుట్టాలింట్ల ఖాలా అడిగిన మొదటి మాట, "కోట ఎక్కనీకి నీకేం పని బేటీ?"

డిండి చెరువు కట్ట మీద కూసొని రొట్టె తిని, శ్రీశైలం తొవ్వల మన్ననూరు దాంక పోయినం. నల్లమల అడవి అక్కడ మొదలైతది. పైన ఫర్హాబాద్. ఫర్హత్ అంటే సంతోషం. పులుల కోసం 1983ల కాపు పెట్టిన అడవి. ఆ రోజుల్ల అన్నల కోసం పోలీసుల కాపు గూడ. దారిల ఒకచోట మా సంచులు విప్పించిన్రు. రొట్టెలు చూసిన్రు, శత్రంజి దులిపిన్రు. యాసీన్ కితాబు తిరగేసి "ఇదేం భాష? పాకిస్తాన్‌దా?" అని ఒకడు నవ్విండు. మేం గూడ నవ్వినం. నవ్వకుంటె ఎట్ల?

"మీకు తెలుగు మంచిగొస్తదే" అని గూడ అన్నడు. నల్లగొండల పుట్టి, నల్లగొండల బతికేటోళ్ళకు తెలుగు రాక ఏమొస్తది?

అచ్చంపేట మీదుగ మహబూబ్‌నగర్ చేరినం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు 1890ల పెట్టిన్రు ఈ ఊరికి. జనం మాత్రం పాలమూరనే అంటరు. మాకు రెండు పేర్లూ ఇష్టమే. ఏడు వందల ఏండ్లదని చెప్పే పిల్లలమర్రి కింద ఒక పూట కూసున్నం. ఎకరాలకెకరాలు పాకిన చెట్టు, మొదలేదో, ఊడలేదో తెలవదు. దాని కింద దర్గా గూడ ఉన్నది.

బస్టాండుల మా లెక్కనే సంచులేసుకున్నోళ్ళు వందల మందున్నరు. బొంబాయికి పోయే పాలమూరు కూలీలు. గిన్నెలు, గోనెసంచులు, చంకల పిల్లలు. దేశమంత కట్టలు పోసింది, కాల్వలు తవ్వింది వాళ్ళే. తక్కువ పైసలతోని దేశం తిరుగుడంటే ఏందో తెల్లోళ్ళ కంటె వాళ్ళకే ఎక్కువ ఎరుక. ఒకామె నన్నడిగింది, "మీరు ఏ పనికి పోతున్రు?" చూడనీకి అని చెప్పనీకి నాకు సిగ్గైంది. చూడనీకి తిరుగుడు కడుపు నిండినోళ్ళ పని అని ఆమె ముందర తెలిసింది. మేం అంత నిండినోళ్ళం గాదు, అయినా ఆమె కంటె నిండినోళ్ళమే.

ఆ తర్వాత రాత్రి ఆగిన పట్నం పేరు చెప్ప. మొదటి లాడ్జిల రూములున్నయన్నరు. పేర్లు చెప్పినంక లేవన్నరు. కౌంటర్ల కూసున్నాయన మమ్మల్ని చూడకుంట లోపలికి కేకేసిండు, "అరే సైదులూ, చాయ తేరా." మా నల్లగొండ పిల్లగాడే కావచ్చు. మా పీరు పేరు వాళ్ళ ఇంట్ల ఉండొచ్చు, మా పేరు వాళ్ళ రిజిస్టర్ల ఉండొద్దు. 1992 డిసెంబర్ అయి నాలుగేండ్లైంది అప్పటికి. ఆ నాలుగేండ్లల్ల అద్దె ఇండ్లు మాకు ఇట్లనే లేకుంట పోయినయి. ఇది కొత్త గాదు.

రాత్రి తొమ్మిదైంది, చలి. బయటికొచ్చి మా ఆయన శానసేపు మాట్లాడలె. నేనే అన్న, "బుర్ఖా తీస్త." కిరాణా కొట్ల బొట్టుబిళ్ళల పొట్లం కొన్న. ఒకటి పెట్టుకున్న. రెండో లాడ్జిల ఆయన వేరే పేర్లు రాసిండు. ఆ పేర్లు ఇక్కడ రాయ. రూము దొరికింది. దుప్పటి గూడ ఇచ్చిన్రు.

ఆ రాత్రి ఆయన ఇషా నమాజు చెయ్యలె. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నాకేమనిపించిందో అదీ చెప్త. బొట్టు మీద నాకేం కోపం లేదు, మా గల్లీల నా దోస్తులంత పెట్టుకునేటోళ్ళే. కని ఆ రాత్రి అది బొట్టు గాదు, టిక్కెట్టు. టిక్కెట్టు కొనుక్కొని నా దేశంల నేను పండుకున్న.

పొద్దుగాల ఆయన అన్నడు, "ఇంటికి పోదాం." నేను పోనన్న. అట్ల ముఖం దాచుకొని పోతే మళ్ళ జన్మల బయటికి రాలేం అనిపించింది. బుర్ఖా వేసుకొని అలంపూర్ చౌరస్తా బస్సెక్కిన. ఆయన వెనకనే ఎక్కిండు.

అలంపూర్ తుంగభద్ర ఒడ్డున ఉన్నది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్ల కట్టిన నవబ్రహ్మ గుళ్ళు. అంత అందమైన రాయిపని నేను మళ్ళ చూడలె. ఒక పెద్దమనిషి జనానికి చూపిస్తున్నడు. కూలిపోయిన జోగులాంబ గుడి జాగ కాడికొచ్చి "తురకలు కూలగొట్టిన్రు" అన్నడు. అమ్మవారిని అప్పుడు బాలబ్రహ్మ గుడిలనే ఉంచి పూజ చేస్తుండిరి. కొత్త గుడి 2005ల అయింది. ఆయన మాట అనంగనే అక్కడున్నోళ్ళంత నా దిక్కు చూసిన్రు.

14వ శతాబ్దంల బహమనీల దండు కూలగొట్టిందని చెప్తరు. కూలగొడితే తప్పే, నేను కాదన. కని మా తాత గాజులమ్ముకున్నోడు, ఆయన తాత దూదేకినోడు. సుల్తానుల ఆస్తిల మాకు గజం భూమి రాలె. వాళ్ళ నుంచి మాకు దక్కింది ఒక్క నింద.

అక్కడికి దగ్గర్లనే వేరే గుళ్ళున్నయి. శ్రీశైలం డ్యాం నీళ్ళల్ల మునుగుతయని పాపనాశి గుళ్ళను, కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళ నిలబెట్టిన్రు. మంచి పని. ఆ నీళ్ళల్లనే ఊర్లు మునిగినయి. రాళ్ళను తెచ్చినంత పైలంగ మనుషుల్ని తేలె. ఆ ఊర్లను ఎవరు ముంచిన్రని ఏ యాత్రికుని ముఖం దిక్కు ఎవ్వరు చూడరు.

గుళ్ళ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా. ఆ రాత్రి దాని వరండల శత్రంజి పరుచుకున్నం. మా పక్కన కర్నూలు దిక్కు నుంచి మొక్కుకొచ్చిన హిందువుల కుటుంబం. ఇన్ని రొట్టెలు మేమిచ్చినం, ఇంత పులిహోర వాళ్ళిచ్చిన్రు. పేరు ఎవ్వరు అడగలె. నేను మంచిగ నిద్రపోయిన. కని ఒక మాట ఆయన చీకట్ల అన్నది ఇంక యాదున్నది. "దర్గాకు కాదని ఎనిమిది రోజులు చెప్పుకుంటొచ్చినం. ఆఖరికి దర్గాలనే పండుకున్నం." దర్గా మా సొంతిల్లే, కాదన. సొంతిల్లు తప్ప వేరే జాగ లేకపోవుడే బాధ.

ఇప్పుడు ఆ జిల్లాలు అట్ల లేవు. 2014ల తెలంగాణ వచ్చింది, 2016ల జిల్లాలు ముక్కలైనయి. జాన్‌పాడ్ సూర్యాపేటకు, మన్ననూరు నాగర్‌కర్నూలుకు, అలంపూర్ జోగులాంబ గద్వాలకు పోయినయి. లాడ్జిల ఆధార్ కార్డు అడుగుతరు, వేరే పేరు రాసుకునే దారి గూడ లేదు.

పోయిన ఏడు నా బిడ్డ, అల్లుడు ఊర్లు చూడనీకి బయల్దేరిన్రు. "అమ్మీ, ఆ ఖాకీ సంచులున్నయా?" అని అడిగింది. అటక మీద నుంచి దించి దులిపిన. ఒకదాని అడుగున బొట్టుబిళ్ళల పొట్లం ఉన్నది, ఒకటే తక్కువ. అదేందని బిడ్డ అడిగితే, ఆయనకు గూడ మళ్ళ ఎన్నడు గుర్తు చెయ్యని ఆ రాత్రి ముచ్చట ఆమెకు మొత్తం చెప్పిన. పొట్లం తీసేసి సంచి ఇచ్చిన.

బస్సెక్కేటప్పుడు ఒక్కటే చెప్పిన. "ఏ దర్గాకని అడుగుతరు బేటీ. చూడనీకి పోతున్నమని చెప్పు. నమ్మకున్నా చెప్పు."